కొమ్మలు నాటి దేశవాళీ చెట్లను పెంచు పద్ధతి

విశాఖపట్టణము చుట్టుప్రక్కల సొంత భూములు గల రైతుల ఉపయోగార్థము

1. ఈ పని యొక్క అవసరము

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. ఒక్క దినములో కైలాసగిరి, సింహాచలపు కొండలు, పట్టణపు వీధులు, చుట్టునున్న పల్లెల తోటలు అసంఖ్యాకములైన చెట్లను పోగొట్టుకొనెను. సరుగుడు, జీడిమామిడి, కొబ్బరి తోటలతోపాటు గట్లమీదను, కళ్లములవద్దను తాతల నాటి చెట్లును కూలెను. తుపానుతో పనిలేకుండ జరిగిన నష్టము మఱియొకటి కలదు. 1933లో ఓడరేవు ప్రారంభమైనది మొదలుకొని, 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైన తరువాత మఱింత వేగముగా, పట్టణము పల్లెలవైపు విస్తరించినది. రోడ్డు వెడల్పు చేసినప్పుడెల్ల, పొలము ఇండ్ల స్థలములైనప్పుడెల్ల గట్టుమీది చెట్టే ముందు పోవును.

చెట్టు పోయిన గట్టువలన రైతునకు కలుగు నష్టము పలు విధములు. ఎండలో పశువులకు నీడ యుండదు. పచ్చిరొట్ట కొఱకు ఆకు దొరకదు. కంచెకు ఏటేట రాటలు కొనవలసి వచ్చును. గాలి అడ్డులేక పైరును పడగొట్టును. నారుమొక్కలు తెచ్చి నాటుదమన్నచో నర్సరీలో దొరకు రకములు కొన్నియే. అందులోను చాలవఱకు అలంకారమునకు పనికివచ్చు పరదేశపు చెట్లు. అయితే మన దేశవాళీ చెట్లలో పెక్కింటికి నర్సరీతో పనియే లేదు. తగిన కొమ్మను తగిన కాలమున కోసి, ఎండిపోకుండ నాటినచో అదియే చెట్టగును. దీనికి కావలసిన పెట్టుబడి ఒక రంపము, ఒక గునపము, నాలుగు దినముల శ్రమ మాత్రమే.

2. ఈ విద్య క్రొత్తది కాదు

క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దములో అశోక చక్రవర్తి తాను బాటల ప్రక్కల మఱ్ఱిచెట్లు నాటించితినని శాసనములందు చెక్కించెను. ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కొమ్మకు పేడ పూసి నాటదగిన చెట్లను పేర్కొనెను. ఆయన చెప్పిన వానిలో దానిమ్మ, ద్రాక్ష నేటికిని కొమ్మతోనే పెంచబడుచున్నవి. పనస, నేరేడు మాత్రము ఆ విధమున సులభముగా రావు. కావున పూర్వగ్రంథమునందు చెప్పబడినదైనను, ఇరుగుపొరుగువారు చెప్పినదైనను, పది కొమ్మలతో పరీక్షించి చూచుట మేలు.

కదిరి సమీపమునందలి తిమ్మమ్మ మఱ్ఱిమాను కథ తెలుగువారిలో పలువురు ఎఱిగినదే. చితికి పాతిన రాట చిగిర్చి ఆ మహావృక్షమైనదని స్థానికుల ఐతిహ్యము. ఆ చెట్టు సుమారు 5 ఎకరముల మేర ఆవరించి యున్నది. 1989లో ప్రపంచములో కెల్ల పెద్ద మఱ్ఱిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఐతిహ్యము మాట యెట్లున్నను, మఱ్ఱి రాట వేరు తొడుగుట ఆశ్చర్యము కాదు. పందిరి కొఱకు పాతిన గుంపెన రాట చిగిర్చుటను చూడని రైతు అరుదు.

జామాయిలు, సరుగుడు కొమ్మ మొక్కలను కొని నాటుట కోస్తా రైతులకు ఇప్పుడు బాగుగ తెలిసిన పనియే. అవి రెండును పరదేశపు చెట్లు. జామాయిలు కొమ్మకు తుంపర గది, వేరు మందు, ప్లాస్టిక్ గొట్టములు కావలెను. గంగరావికి అవి యేవియు అక్కఱలేదు.

3. కొమ్మ వేరు తొడుగుటకు కారణము

కొమ్మ బెరడునకును కఱ్ఱకును నడుమ పలుచని పచ్చని పొర యుండును. చెట్టు లావెక్కుట ఆ పొరవలననే. కొమ్మను కోసి నేలలో నుంచినప్పుడు కోసిన చోట ముందు గాయము మానుచు బొడిపె కట్టును. తరువాత ఆ పొర చెంతనుండి వేళ్లు పుట్టి బయలుదేరును. వేళ్లు వచ్చువఱకు కొమ్మకు ఆధారము తనలో నిలువయున్న పిండిపదార్థము, తేమ మాత్రమే. ఈ రెండును తరుగకముందే వేరు వచ్చినచో కొమ్మ బ్రదుకును, లేనిచో ఎండును.

దీనినిబట్టి మూడు సంగతులు తేలుచున్నవి. నిలువ పదార్థము నిండుగ నున్న కాలమున కోయవలెను. కోసిన కొమ్మ తేమను పోగొట్టుకొనకుండ చూడవలెను. నాటిన కొమ్మ గాలికి కదలరాదు. కదలినచో దారమువంటి లేత వేళ్లు తెగిపోవును.

మఱియొక సంగతి: నాటిన కొమ్మకు ముందుగ ఆకు వచ్చును, వేరు తరువాత వచ్చును. ఆకును చూచి చెట్టు పట్టుకొన్నదని తలంచి నీరు మానివేయుటచే పెక్కు కొమ్మలు రెండవ నెలలో చచ్చుచున్నవి. చిగురు కొమ్మ లోపలి నిలువకు గుర్తు. అది వేరునకు గుర్తు కాదు.

4. ఏ చెట్లు కొమ్మతో వచ్చును

గుంపెన. కంచె రాటకు ఇంతకంటె సులభమైన చెట్టు లేదు. చేయిలావు కొమ్మ నాటినను చిగిర్చును. వేసవిలో ఆకు రాల్చి మోడై యుండును గనుక ఆ కాలమున కోయుటకు అనుకూలము. ఆకు పశువుల మేతకు పనికివచ్చును. ఎఱ్ఱ గరువులలోను, రాతి నేలలలోను బ్రదుకును.

గంగరావి. సముద్రతీరపు చెట్టు. ఉప్పుగాలికిని, కొంత చవుడునకును ఓర్చును. భీమునిపట్టణము వైపు ఇసుక భూములకు ఇది మిక్కిలి తగినది. నీడ దట్టము, ఆకు పచ్చిరొట్టకును, మేతకును ఉపకరించును. కఱ్ఱ బండి సామానులకు, పనిముట్లకు మంచిది. అయితే కలప నుద్దేశించి పెంచువారు గింజ మొక్కనే నాటవలెను. దాని మాను తిన్నగా పెరుగును.

మఱ్ఱి, జువ్వి, మేడి. నీడకును, పక్షులకును ఇవి ప్రధానములు. కొమ్మ కోసినప్పుడు పాలు కారును. ఆ పాలు ఆఱువఱకు కొన్ని గంటలు నీడలో నుంచి నాటవలెను. నూతికి, ఇంటి గోడకు, చెఱువు గట్టుకు దూరముగ నాటవలెను. వీని వేళ్లు రాతి కట్టడమును సయితము చీల్చును. రావి వీనివలె సులభముగ రాదు. గోడల సందుల మొలచిన చిన్న మొక్కలను వేరుతో తీసి నాటుట మేలు.

మునగ. మంచి కాయగాచు చెట్టునుండి తీసిన కొమ్మ అట్టి కాయనే యిచ్చును. నీరు నిలుచు చోట కుళ్లిపోవును. కొమ్మలు పెళుసు గనుక గాలి తాకిడి గల గట్టుపై వేయక పెరటిలో వేయుట మంచిది.

బాడిత. ముండ్లు గల కంచె చెట్టు. ఇది చిక్కుడు కుటుంబములోనిది గనుక గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెలలో నిలుపును. ఆకులమీదను, లేత కొమ్మలమీదను కాయలవంటి ఉబ్బులున్నచో ఆ చెట్టు కొమ్మ తీయరాదు. ఆ ఉబ్బులలో పెరుగు చిన్న కందిరీగను 2004లో శాస్త్రజ్ఞులు క్రొత్త జాతిగా గుర్తించిరి. తరువాత కొలది సంవత్సరములలో అది దక్షిణ భారతమునకును వ్యాపించెను. కొమ్మతోపాటు పురుగును ఊరూర పంచినట్లు కాకూడదు.

వావిలి. పొద చెట్టు. చిటికెన వ్రేలి లావు కొమ్మ వానకాలములో ఎప్పుడు నాటినను వచ్చును. గట్టు మన్ను కోసుకొనిపోకుండ పట్టుకొనును. దీనిని పశువులు సాధారణముగ ముట్టవు గనుక కాపలా లేని చోట్లకు తగినది.

బూరుగ, గరుగ, కొండమామిడి. ఇవియు లావుకొమ్మలతో వచ్చును. కొండవాలు భూములకు, ఎక్కువ స్థలము గల చోట్లకు అనుకూలము.

కానుగ గింజతో సులభముగ వచ్చును. కొమ్మతో పెంచవలెనన్న వేరు మందు సహాయము కావలెను. చింత, నేరేడు, వేప, మద్ది, ఇప్ప చెట్ల ముదురు కొమ్మలను గట్టున పాతినచో ఫలితము దాదాపు శూన్యము; వీనిని గింజతోనే పెంచవలెను. తాటికి, ఈతకు కొమ్మయే లేదు.

5. కోయు కాలము

ఆకు రాల్చు చెట్లకు మాఘమునుండి వైశాఖమువఱకు, అనగా ఆకు రాలి క్రొత్త చిగురు ఇంకను రాని దినములలో, నిలువ పదార్థము నిండుగ నుండును. లావుకొమ్మలను వైశాఖాంతమున కోసి, రోహిణి, మృగశిర కార్తెలలో నాటవలెను. విశాఖ ప్రాంతమునకు నైరుతి వానలు సాధారణముగ జూను రెండవ వారమున వచ్చును. నాటిన కొమ్మకు వెంటనే వాన తేమ అందును. చిగురు వేయుచున్న చెట్టునుండి కొమ్మ తీయుట వ్యర్థము. నిలువ యంతయు అప్పటికే చిగురునకు పోయి యుండును.

నీటి వసతి గలవారు చిన్న కొమ్మలను ఫాల్గుణములోనే నారుమడిలో వేసి, ఆషాఢ శ్రావణములలో గట్టుమీదికి మార్చవచ్చును.

6. కొమ్మను ఎన్నుకొనుట, కోయుట

కొమ్మ మరీ లేతగాను, మరీ ముదురుగాను ఉండరాదు. తెగులు, పురుగు తొలుపులు లేని ఆరోగ్యమైన చెట్టును ఎన్నుకొనవలెను. అదే చెట్టులో చిటారు కొమ్మకంటె మొదటివద్ద పుట్టిన పిలకకొమ్మ త్వరగ వేరు తొడుగును. కనుక ఒక చెట్టును ముందటి సంవత్సరము కొంతవఱకు నఱికి వదలినచో మరుసటి యేట దాని మోడునుండి వచ్చు నిటారు కొమ్మలు శ్రేష్ఠములు.

లావుకొమ్మ పొడవు 6 మొదలు 8 అడుగులు, లావు 2 మొదలు 3 అంగుళములు ఉండవలెను. చిన్న కొమ్మ జానెడు పొడవు, బొటనవ్రేలి లావు, మూడు నాలుగు కణుపులు గలదై యుండవలెను. క్రింది కోత కణుపునకు కొంచెము దిగువన ఏటవాలుగ నుండవలెను. పై కోత కూడ కొంచెము వాలుగ నుండినచో వాన నీరు నిలువదు. లావుకొమ్మలను కత్తితో నఱకుటకంటె రంపముతో కోయుట మంచిది. బెరడు చీలినచో ఆ చీలికలోనుండి కుళ్లు ప్రవేశించును.

కోసిన వెంటనే ఆకులన్నియు తీసివేయవలెను. పై కోతకు పేడ, బంకమన్ను కలిపిన ముద్దను దట్టముగ పట్టించవలెను. ఏది మొదలో, ఏది తలయో గుర్తు పెట్టుకొనుట అవసరము; తలక్రిందులుగ నాటిన కొమ్మ చాలవఱకు ఎండును. కోసిన కొమ్మలను ఎండలో బండిమీద వేసికొని పోరాదు; తడి గోనెలలో చుట్టి తీసికొనిపోవలెను. గుంపెన, కొండమామిడివంటి రసము గల కొమ్మలను మాత్రము రెండు మూడు దినములు నీడలో నిలువబెట్టి, కోత ఆఱిన పిమ్మట నాటినచో కుళ్లు తగ్గును.

కొమ్మలన్నియు ఒకే చెట్టునుండి తీయరాదు. కొమ్మనుండి వచ్చినది ఆ తల్లిచెట్టే. దాని గుణము, దాని లోపము రెండును అన్నిటికిని సమానముగ వచ్చును. ఒక తెగులు ఆ చెట్టును చంపగలిగినచో గట్టంతయు ఒక్కమాఱు పోవును. కనీసము ఐదాఱు చెట్లనుండి కొమ్మలు తీసి కలిపి నాటుట క్షేమము.

7. నాటుట

లావుకొమ్మ కొఱకు 2 అడుగుల లోతు గుంట తీయవలెను, లేదా గునపముతో కొమ్మకంటె కొంచెము వెడల్పైన రంధ్రము చేయవలెను. కొమ్మను సుత్తితో కొట్టి దింపరాదు. క్రింది బెరడు ఊడిపోవును, పైభాగము పగులును. వేళ్లు రావలసినది ఆ బెరడు దగ్గఱనే. గుంటలో కొమ్మను నిలిపి, మన్నును కొంచెము కొంచెముగ వేయుచు, ప్రతి పొరను కఱ్ఱతో గట్టిగ దిమ్మిస చేయవలెను. మన్నునకును బెరడునకును నడుమ సందున్నచో అక్కడ వేరు రాదు.

ఎఱ్ఱనేలలలో చెదలు ప్రధాన శత్రువు. గుంటలో పచ్చి పేడగాని, గడ్డిగాని వేసినచో చెదలను పిలిచినట్లగును. బాగుగ మాగిన ఎరువును, గుప్పెడు వేపపిండిని మన్నులో కలుపవలెను.

కంచెకైనచో 6 అడుగుల ఎడము చాలును. చదరముగ నున్న ఒక ఎకరము చుట్టుకొలత సుమారు 835 అడుగులు. ఆ లెక్కను 140 కొమ్మలు కావలెను. కొన్ని చచ్చునని తలంచి 175 సిద్ధము చేసికొనుట మంచిది. నీడ చెట్లకు 30 అడుగులకు తక్కువ కాకుండ ఎడముండవలెను; మఱ్ఱికి అంతకు రెట్టింపు. పొలమునకు ఉత్తరపు గట్టుమీది చెట్టు నీడ సంవత్సరములో హెచ్చుకాలము ఆవలి పొలముమీద పడును. కావున సరిహద్దు రైతుతో ముందుగ మాటలాడుకొని నాటినచో తరువాత తగవు రాదు.

8. చిన్న కొమ్మల నారుమడి

నీడపట్టున ఇసుక, ఎఱ్ఱమన్ను, మాగిన ఎరువు సమపాళ్లుగ కలిపి మడి కట్టవలెను. కొమ్మలో మూడింట రెండు వంతులు మన్నులో నుండునట్లు గ్రుచ్చి, మడి ఎల్లప్పుడు తడిగ నుండునట్లు, నీరు మాత్రము నిలువకుండునట్లు చూడవలెను. కానుగవంటి మొండి కొమ్మలకు వేరు మందు ఉపయోగింపవచ్చును. ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లమను ఈ పదార్థమునకు వేరు పుట్టించు గుణము కలదని 1935లో కనుగొనబడెను. కిలో పొడిలో 3 గ్రాముల మందు గల రకము దొరకును. కొమ్మ మొదలును తడిపి, పొడిలో అద్ది, విదిలించి నాటవలెను. ఎక్కువ పూసినచో ఎక్కువ వేళ్లు వచ్చునని తలంచరాదు. మితిమీరినచో మొదలు నల్లబడి చచ్చును.

9. నాటిన పిమ్మట

వానలు ఎడమిచ్చినప్పుడు వారమునకు రెండు మాఱులు నీరు పోయవలెను. మేకలు బెరడు గీరకుండ కొమ్మకు ముండ్లకంప కట్టి, పేడనీరు పూయవలెను. క్రింది భాగమునుండి వచ్చు చిగుళ్లను గిల్లి, తలవద్ద నాలుగైదింటిని మాత్రము ఉంచవలెను. చెట్టు వేరు తొడిగెనో లేదో తెలిసికొనుటకు కొమ్మను పెరికి చూడరాదు. పరీక్ష కొఱకు అదనముగ నాటిన ఒక కొమ్మను మూడవ నెలలో త్రవ్వి చూచినచో తక్కిన వాని స్థితి తెలియును. మొదటి వేసవి గడచినగాని పని పూర్తియైనట్లు కాదు. ఆ వేసవిలో పదిదినముల కొకమాఱైనను నీరు తప్పదు.

10. తుపాను గాలికి నిలుచుట

ఈ జిల్లా రైతు మఱువరాని సంగతి ఒకటి కలదు. గింజ మొక్కకు తల్లివేరు నేరుగ లోతునకు దిగును. కొమ్మ చెట్టుకు అట్టి తల్లివేరు ఉండదు. వేళ్లు కోసిన మొదటినుండి ప్రక్కలకు బయలుదేరును. నేల లోతుగ నుండి, చెట్టు ముదిరిన కొలది వానిలో కొన్ని క్రిందికి దిగును గాని, మొదటి సంవత్సరములలో అది గాలికి బలహీనమే. కావున ఈ క్రింది జాగ్రత్తలు అవసరము.

పైపైన పాతరాదు, 2 అడుగుల లోతు తగ్గరాదు. రాతి పొర పైననే యున్న చోట లావుకొమ్మ నాటరాదు. మొదటి మూడేండ్లు ప్రతి సంవత్సరము భాద్రపదమున తల గుబురును పలుచన చేయవలెను. అక్టోబరు, నవంబరు నెలల గాలికి పట్టు తగ్గును, కోసిన ఆకు పొలమునకు ఎరువగును. ఇంటికి, పశువుల సాలకు, విద్యుత్తు తీగలకు సమీపమున కొమ్మ చెట్లను వేయక, వేప, కానుగవంటి గింజ మొక్కలను వేయవలెను. కంచెకు, బాటకు, పొలపు గట్టుకు కొమ్మ చెట్లు. ఇంటి చెంతకు గింజ చెట్లు. ఈ విభాగమును పాటించిన రైతు రెండింటి లాభమును పొందును.

11. చెట్టు పడిపోయినప్పుడు చేయవలసిన పని

తుపానుకు గంగరావి, మఱ్ఱి, గుంపెన చెట్లు కూలినచో వానిని వెంటనే వంటచెఱకుగ నఱుకుట పొరపాటు. పడిన చెట్టు కొమ్మ కొన్ని దినములవఱకు పచ్చిగనే యుండును. తుపాను వచ్చు నెలలలో నేల తడిసి యుండును. ఆకు దులిపి, పై చెప్పిన కొలతలకు కోసి, వారము లోపల అదే గట్టున నాటినచో కొన్నియైనను దక్కును. ఇది ఆకు రాలు కాలము కాదు గనుక వేసవి కొమ్మలంత బాగుగ రావు. అందువలన కావలసిన దానికి రెట్టింపు నాటవలెను. సగము వేరు నేలలోనే యున్న చెట్టును మొదటివఱకు తగ్గించి కోసి, వేళ్లమీద మన్ను కప్పినచో మోడునుండి పిలకలు రావచ్చును. తాత నాటిన చెట్టు ఈ విధమున మనుమని కాలమునకు కొనసాగును.

12. చట్టపు నియమములు

కొమ్మలను సొంత భూమిలోని చెట్లనుండిగాని, యజమాని అనుమతితో ఇతరుల చెట్లనుండిగాని తీయవలెను. అడవులనుండియు, కంబాలకొండ వన్యప్రాణి సంరక్షణ కేంద్రమునుండియు కొమ్మలు కోయుట నేరము. సొంత చెట్టునైనను మొదలంట నఱకుటకు 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి ముందుగ అనుమతి పొందవలెను.

13. సంగ్రహము

(1) ఆకు రాలిన కాలమున, చిగురు రాకముందు కొమ్మ కోయవలెను.
(2) ఐదాఱు ఆరోగ్యమైన చెట్లనుండి, వీలైనచో మోడు పిలకలనుండి తీయవలెను.
(3) మొదలు, తల తప్పకుండ, 2 అడుగుల లోతున, సుత్తితో కొట్టకుండ, కదలకుండ నాటవలెను.
(4) చిగురును చూచి నీరు మానరాదు. మొదటి వేసవి గడుపవలెను.
(5) తుపాను నెలలకు ముందు గుబురు తగ్గించవలెను. ఇంటి చెంత గింజ చెట్లనే వేయవలెను.

ఆనందపురము, పద్మనాభము, పెందుర్తి, సబ్బవరము ప్రాంతములలో భూమి గల ప్రతి రైతు ఈ సంవత్సరము ఒక్క గట్టుమీద ఇరువది కొమ్మలు నాటి, నాటిన తేదీని, చెట్టు పేరును, బ్రదికిన వాని లెక్కను ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో, మరుసటి యేట తన నేలకు ఏ చెట్టు తగినదో ఇతరుల నడుగవలసిన పని యుండదు.